మెలొడీలు, కార్డ్స్ ఇచ్చే మిడి ప్లగిన్లు: అపోహలు - వాస్తవాలు

కీబోర్డ్ ప్రోగ్రామింగ్ నా వృత్తి. రోజంతా కార్డ్స్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు), బేస్ లైన్లు, చిన్న చిన్న బిట్లు రాస్తూ ఉంటాను. వాటిలో కొన్నింటికి మిడి జనరేటర్ ప్లగిన్ల సాయం కూడా తీసుకుంటాను, అంటే పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకుంటే స్వరాలను తామే రాసిచ్చే చిన్న ప్రోగ్రామ్‌లు. కొత్తగా పాటలు చేస్తున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ ప్లగిన్ తీసుకోమంటావ్?"

పేరు చెప్పే ముందు నేను తిరిగి అడిగేది, నీ పని ఎక్కడ ఆగిపోతోంది అని. కార్డ్స్ తట్టడం లేదా? కార్డ్స్ ఉన్నా వాటి మీద ట్యూన్ రావడం లేదా? ట్యూన్ ఉన్నా నడక చప్పగా ఉందా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. స్కేలర్ అనే ప్లగిన్ లాంటిది కార్డ్స్ వెతుక్కోవడానికి పనికొస్తుంది. క్తూలూ ఒక్క మీట నొక్కితే పూర్తి కార్డ్ పలికిస్తుంది, దాన్నే ఆర్పెజియోగా, అంటే ఒక్కో స్వరంగా, విడదీసి వాయిస్తుంది. రిఫర్ యాదృచ్ఛికంగా రిఫ్‌లు, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న బిట్లు, పుట్టిస్తుంది. కార్డ్స్ దొరకనివాడు రిఫ్‌ల ప్లగిన్ కొంటే నెల తిరక్కుండానే దాన్ని తెరవడం మానేస్తాడు. తప్పు ప్లగిన్‌ది కాదు. దాన్ని ఎంచుకున్న కారణంలో ఉంది. అలాంటి కారణాలు కొన్ని చూద్దాం.

అపోహ: డెమోలో అంత బాగా వినిపించిందంటే ప్లగిన్ మంచిదే.

మిడిలో శబ్దమే ఉండదు. 1983లో వచ్చిన ఈ ప్రమాణం మోసుకెళ్లేది సూచనలను మాత్రమే. ఏ స్వరం నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నవే అందులో ముఖ్యం. స్వరానికి 0 నుంచి 127 లోపు ఒక అంకె, నొక్కిన బలానికి, అంటే వెలాసిటీకి, ఇంకో అంకె. డెమోలో మనల్ని లాగేసేది సింథ్ సౌండ్, దాని మీది రివెర్బ్, కింద మోగే డ్రమ్స్. ఈ ప్లగిన్ పని వాటిలో ఏదీ కాదు.

అందుకే ట్రయల్ వెర్షన్ తెరవగానే దాని లోపలి సౌండ్ కట్టేస్తాను. ఏ ఎఫెక్టూ లేని మామూలు పియానోకు కలిపి వింటాను. అప్పుడు కూడా ఆ నాలుగు బార్లు ఇంకోసారి వినాలనిపిస్తేనే ముందుకెళ్తాను.

అపోహ: ఎన్ని వేల ప్రోగ్రెషన్లు (కార్డ్ వరుసలు) ఉంటే అంత మేలు.

ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ అంకే. నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ విలువైనదీ ఇదే. మేజర్ స్కేల్‌లో సహజంగా ఏర్పడే మూడు స్వరాల కార్డ్స్ ఏడే. నాలుగు కార్డ్స్ వరుసలో ఒక్కో చోట ఆ ఏడింటిలో ఏదైనా పెట్టుకోవచ్చు అనుకుంటే 2,401 వరుసలు వస్తాయి. వాటినే పన్నెండు కీలలోకి మార్చి లెక్కపెడితే 28,812. అంకె పెంచడం అంత తేలిక.

పాటలో తేడా తెచ్చేది వాయిసింగ్, అంటే అదే కార్డ్‌లోని స్వరాలను ఏ ఎత్తులో, ఏ క్రమంలో పేర్చారన్నది. అందరికీ తెలిసిన వరుసే తీసుకుందాం: సి మేజర్, ఎ మైనర్, ఎఫ్ మేజర్, జి మేజర్. పియానో మధ్యలో ఉండే సి మిడిలో 60. అన్నిటినీ రూట్ పొజిషన్‌లో, అంటే కార్డ్‌కు పేరిచ్చిన స్వరాన్ని (రూట్) అడుగున పెట్టి, వేస్తే ఇలా వస్తాయి:

60-64-67, 57-60-64, 53-57-60, 55-59-62

ప్రతి మార్పులోనూ మూడు స్వరాలూ కట్టకట్టుకుని ఒకే వైపు గెంతుతున్నాయి. అవే కార్డ్స్‌ను ఇప్పుడు ఇలా పేర్చి చూడండి:

60-64-67, 60-64-69, 60-65-69, 59-62-67

మొదటి మార్పులో కదిలింది ఒక్క స్వరమే, 67 నుంచి 69కి. రెండో మార్పులోనూ ఒక్కటే, 64 నుంచి 65కి. చివరి మార్పులో మాత్రం మూడూ కదిలాయి, అదీ కొద్దికొద్దిగా. కార్డ్స్ పేర్లు మారలేదు, వరుస మారలేదు. కానీ మొదటిది నేర్చుకుంటున్నవాళ్లు వాయించినట్టుంటుంది, రెండోది పాట కింద నెమ్మదిగా పారుతుంది. దీన్నే వాయిస్ లీడింగ్ అంటారు. మీరు చూస్తున్న ప్లగిన్ దీన్ని తనంతట తాను చేస్తుందా? చేసినదాన్ని మీరు మార్చుకోనిస్తుందా? ఒక్క స్వరాన్ని మాత్రం ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకో కిందికో జరపనిస్తుందా? వెయ్యి ప్రోగ్రెషన్లున్నా ఈ పని చేయని ప్లగిన్ కన్నా, యాభై ఉండి ఇది శ్రద్ధగా చేసేదాన్నే నేను తీసుకుంటాను.

బేస్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. కార్డ్‌ను 48 కిందికి దించి స్వరాలను దగ్గరదగ్గరగా పేరిస్తే ఏదీ విడిగా వినపడదు, అంతా బురదలా కలిసిపోతుంది. చాలా జనరేటర్లు ఆక్టేవ్ మార్చినప్పుడు కార్డ్‌ను ఉన్నదున్నట్టు దించేస్తాయి. కింద రూట్, ఐదో స్వరం మాత్రం ఉంచి మిగతావి పైకి తీసుకోవడం మన పనే.

అపోహ: స్కేల్ లాక్ (ఎంచుకున్న స్కేల్‌లోని స్వరాలనే రానిచ్చే సదుపాయం) పెడితే తప్పు స్వరం పడదు.

స్కేల్ బయటి స్వరం పడదు, అంతవరకే నిజం. సి మేజర్ కార్డ్ మోగుతుండగా మెలొడీ ఎఫ్ మీద ఆగిందనుకోండి. ఎఫ్ స్కేల్‌లోదే, అయినా కార్డ్‌లోని ఈ (E) అనే స్వరంతో గీసుకుంటుంది. దాటుకుంటూ వెళ్తే ఫర్వాలేదు, అక్కడే నిలబడితే చెవికి గుచ్చుకుంటుంది. ఏ స్వరం మీద నడవాలి, ఏ స్వరం మీద ఆగాలి అన్న తేడా స్కేల్ లాక్‌కు తెలియదు.

రెండో వైపు నుంచి కూడా ఇది దెబ్బతీస్తుంది. ఎ మైనర్ పాటలో చివరికి ఇంటికి చేరే ముందు ఈ (E) మేజర్ కార్డ్ వేస్తాం. అందులోని జి షార్ప్ ఎ వైపు లాగుతుంది, ఆ లాగుడే పాటకు ప్రాణం. నాచురల్ మైనర్ స్కేల్‌లో జి షార్ప్ లేదు. లాక్ బిగించి ఉంటే ప్లగిన్ ఇచ్చేది ఈ (E) మైనర్ మాత్రమే. ఒక్క కార్డ్‌కు మాత్రం లాక్ తీసే వీలుందా అని ట్రయల్‌లోనే చూసుకోండి.

రాగాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, మనవాళ్లు తప్పకుండా అడుగుతారు కాబట్టి. సి నుంచి మేజర్ పెంటటానిక్ పెడితే మోహన రాగపు స్వరాలు వస్తాయి, స రి గ ప ద. మోహనం మాత్రం రాదు. హిందుస్థానీలో భూపాలి, దేశ్‌కార్ రెండూ ఇవే ఐదు స్వరాలతో ఉంటాయి, అయినా రెండూ వేర్వేరు రాగాలు. ఏ స్వరం మీద నిలవాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలి, ఏది ఊగాలి అన్నవే రాగాన్ని రాగం చేస్తాయి. ఊగడాన్ని మిడిలో రాయడానికి పిచ్ బెండ్ ఉంది, 16,384 మెట్లతో, అంటే గమకం రాయలేనంత ముతకది కాదు. కానీ జనరేటర్లు సాధారణంగా స్వరాలు, వెలాసిటీలు ఇచ్చి ఊరుకుంటాయి. గమకం కావాలంటే కీబోర్డ్ మీది పిచ్ వీల్ మీద చెయ్యి వేయాల్సింది మనమే. నేనైతే రాగం వినపడాల్సిన లైన్‌కు జనరేటర్ జోలికే వెళ్లను. ముందు పాడుకుంటాను, తర్వాత వాయించి రికార్డ్ చేస్తాను.

అపోహ: పేరులో ఏఐ ఉంటే మెదడు ఎక్కువున్నట్టు.

నియమాల ప్రకారం సంగీతాన్ని పుట్టించడం పాత పనే. 1757లోనే జర్మన్ సంగీతకర్త కిర్న్‌బెర్గర్ పాచికలు వేసి మినియెట్లు, పొలొనైజ్‌లు అనే నృత్య సంగీతాన్ని కూర్చే పద్ధతిని అచ్చు వేయించాడు. సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 1957లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్లర్, ఐజాక్సన్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో స్ట్రింగ్ క్వార్టెట్‌ (నాలుగు తీగ వాయిద్యాల రచన) రాయించారు. అదే ఇలియాక్ సూట్.

ఇప్పటి ప్లగిన్ల లోపల కూడా రకరకాల పద్ధతులున్నాయి. కొన్నింటిలో స్కేల్‌లోంచి తీసే యాదృచ్ఛిక స్వరాలు, కొన్నింటిలో ఒక స్వరం తర్వాత ఏది రావచ్చో చెప్పే సంభావ్యతల పట్టిక, కొన్నింటిలో మనుషులు ముందే వాయించి పెట్టిన బిట్లు. గూగుల్ మజెంటా స్టూడియో లాంటి కొన్నింటిలో నిజంగానే శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఏ పద్ధతైనా నాకు అభ్యంతరం లేదు. నేను చూసేది ఒక్కటే: ఎనిమిది బార్లలో మూడో బార్ నచ్చలేదంటే, ఆ ఒక్క బార్‌నే మళ్లీ పుట్టించమని చెప్పగలనా, లేక నచ్చిన ఏడింటినీ పోగొట్టుకుని మొత్తం మళ్లీ నొక్కాలా? ఈ సదుపాయం లేకపోతే రెండు గంటలు బటన్ నొక్కుతూనే గడిచిపోతాయి.

అపోహ: ఇలాంటిది కావాలంటే కొనాల్సిందే.

పాటలు చేయడానికి మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌ను ముందు చూడండి. క్యూబేస్‌లో కార్డ్ ట్రాక్ 2012 నుంచీ ఉంది. ఎఫ్‌ఎల్ స్టూడియో పియానో రోల్‌లో, అంటే స్వరాలను గడుల్లో చూపే తెరలో, రిఫ్ మెషీన్ ఉంది. ఏబుల్టన్ లైవ్ 12తో మిడి జనరేటర్లు, లాజిక్ ప్రో 11తో కార్డ్ ట్రాక్ వచ్చాయి, రెండూ 2024లోనే. వాటిని వారం రోజులు వాడాక కూడా ఏదో లోటనిపిస్తే, కొనాల్సింది ఏమిటో అప్పటికి మీకే స్పష్టంగా తెలుస్తుంది.

అపోహ: ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకేలా పనిచేస్తుంది.

ప్లగిన్లు వేర్వేరు రూపాల్లో వస్తాయి. లాజిక్‌కు ఆడియో యూనిట్ రూపం కావాలి, వీఎస్‌టీ అనే రూపం నడవదు. ఏబుల్టన్‌లో మిడి పంపే వీఎస్‌టీని ఒక ట్రాక్‌లో పెట్టి, వాయిద్యం ఉన్న ట్రాక్‌కు మిడి అక్కడి నుంచి వచ్చేలా రూటింగ్ చేసుకోవాలి. ఇది తెలియక ప్లగిన్ పాడైందనుకునేవాళ్లు చాలామంది. ఇచ్చిన లైన్‌ను మౌస్‌తో పట్టుకుని ట్రాక్‌లోకి లాగే వీలుంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

అపోహ: హ్యూమనైజ్ బటన్ నొక్కితే మనిషి వాయించినట్టుంటుంది.

ఆ బటన్ సాధారణంగా చేసేది స్వరాల సమయాన్ని, బలాన్ని ఇష్టమొచ్చినట్టు కాస్త చెదరగొట్టడం. మనిషి చేతిలో తేడాలు అలా చెదిరి ఉండవు, వాటికో తీరు ఉంటుంది. నాలుగు బీట్లకు నేను సాధారణంగా పెట్టే వెలాసిటీలు 96, 64, 80, 60 అలా ఉంటాయి. తర్వాతి బార్‌లోనూ ఆకారం అదే, అంకెలు మాత్రం కాస్త అటూ ఇటూ. కార్డ్‌లో పై స్వరం కాస్త గట్టిగా, లోపలివి మెత్తగా. ఇది చేత్తో సరిచేయడానికి పది నిమిషాలు చాలు.

అపోహ: ప్లగిన్ ఇచ్చిన ట్యూన్ కాబట్టి కాపీరైట్ టెన్షన్ లేదు.

ప్లగిన్ లైసెన్స్ మీకు వాడుకునే హక్కు ఇస్తుంది. అదే ట్యూన్ ఇంకొకరి పాటలో లేదని హామీ ఇవ్వదు. డామియన్ రీల్, నోవా రూబిన్ అనే ఇద్దరు ఎనిమిది స్వరాలతో పన్నెండు బీట్ల మెలొడీలు ఎన్ని సాధ్యమో అన్నిటినీ కంప్యూటర్‌తో పుట్టించి, మిడి రూపంలో హార్డ్ డ్రైవ్‌లో భద్రపరిచారు. అవి 6,800 కోట్లకు పైగా. వినడానికి పెద్ద అంకే, కానీ ఒక హార్డ్ డ్రైవ్‌లో పట్టేసింది. చెవికి ఇంపుగా ఉండేవి అందులో చాలా తక్కువ. అందరి ప్లగిన్లూ వెతికేది ఆ కొద్ది చోటులోనే. నలుగురూ వాడే కార్డ్ వరుసతో సాధారణంగా చిక్కు రాదు, మెలొడీతో వస్తుంది. అందుకే జనరేటర్ ఇచ్చిన మెలొడీని నేను ఎప్పుడూ అలాగే ఉంచను.

అపోహ: ప్రాజెక్ట్ సేవ్ చేస్తే అన్నీ భద్రమే.

ఇది నాకు బాగా నొప్పి కలిగించిన విషయం. ఒక పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్‌ను ఒక జనరేటర్ నుంచి నేరుగా వాయిద్యానికి పంపి వినిపించాను. గదిలో ఉన్న అందరికీ నచ్చింది. గాయని అక్కడికక్కడే దాన్ని హమ్ చేసింది. ప్రాజెక్ట్ సేవ్ చేసి ఇంటికెళ్లాను. ఆ బిట్ ట్రాక్‌లో స్వరాలుగా లేదు, ప్లగిన్ లోపలే నడుస్తోంది. మర్నాడు తెరిస్తే అది కొత్తగా పుట్టించిన వేరే బిట్ వాయించింది. మళ్లీ నొక్కాను, ఇంకోటి. ఫోన్‌లో అనుకోకుండా రికార్డైన ముక్కలో ఆరు స్వరాలు మాత్రం దొరికాయి, మిగతావి మాటల మధ్య మునిగిపోయాయి. ఆ ఆరింటి చుట్టూ కొత్త బిట్ కట్టి పాట పూర్తి చేశాం. గాయనికి మాత్రం మొదటిదే గుర్తుండిపోయింది. నాకూ అంతే.

అప్పటి నుంచి ఏ ప్లగిన్ ట్రయల్ తీసుకున్నా మొదటి పని ఇదే చేస్తాను. ఒక లైన్ పుట్టించి, ట్రాక్‌లోకి లాగి, ప్లగిన్‌ను పూర్తిగా తీసేసి, ప్రాజెక్ట్ మూసి తెరుస్తాను. స్వరాలు, వెలాసిటీలు, వాటి పొడవులు అన్నీ పియానో రోల్‌లో ఉన్నాయా లేదా చూస్తాను. పని మధ్యలోనూ అంతే. ఎవరైనా "ఇది బాగుంది" అన్నారంటే, మాట పూర్తయ్యేలోపు ఆ లైన్ ట్రాక్‌లో ఉంటుంది, తేదీ, కీ, టెంపోలతో పేరు పెట్టి.