నోరు విప్పని ఆ ఇద్దరు

పిల్లలూ,

జట్టు మీటింగ్‌లో అందరూ అరుచుకున్నారని, చివరికి ఎవరికీ నచ్చని నిర్ణయం తీసుకున్నారని రాశారు. మధ్యలో ఒక చిన్న మాట కూడా ఉంది: ఇద్దరు అసలు నోరే విప్పలేదని. నా మనసు అక్కడే ఆగింది.

ప్రమాదం అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ధ్యాసంతా ఆ ప్రమాదం మీదే ఉంటుంది. ఇది ఎదిరించడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటని వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. పాము ఎదురైనప్పుడు ఇదే మనల్ని కాపాడుతుంది. కానీ నలుగురిలో పరువు పోతుందనిపించినా, మనవాళ్లే మనల్ని దూరం పెడతారనిపించినా ఒంట్లో అలాంటి టెన్షనే మొదలవుతుంది. ఇక ఎదుటివాళ్ల మాటలో అర్థం వెతకం, మనల్ని ఎక్కడ పొడిచారా అని వెతుకుతాం.

గుంపు కూడా ఇలాగే బిగుసుకుపోగలదని 1981లో బ్యారీ స్టా, మరో ఇద్దరు పరిశోధకులు రాశారు. ముప్పు మీద పడ్డప్పుడు కొత్త సమాచారం చెవికెక్కదు, పెత్తనం ఒకరిద్దరి చేతుల్లోకి పోతుంది, అలవాటైన దారినే పట్టుకుంటాం.

అరుపులకంటే నాకు మౌనమంటేనే ఎక్కువ భయం. 1961 ఏప్రిల్‌లో అమెరికా, క్యూబా ప్రభుత్వాన్ని కూలదోయాలని సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను బే ఆఫ్ పిగ్స్ తీరంలో దింపింది. మూడు రోజుల్లో అంతా అయిపోయింది, వెయ్యి మందికి పైగా పట్టుబడ్డారు. అధ్యక్షుడు కెనడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింగర్‌కు ఆ పథకం తప్పని ముందే తెలుసు. కాగితం మీద రాసి ఇచ్చాడు కూడా. కానీ అందరూ కూర్చున్న గదిలో గట్టిగా చెప్పలేకపోయాడు. ఆ మౌనానికి తర్వాత చాలా బాధపడ్డాడు. అంత చదువుకున్నవాడికే గొంతు పెగలకపోతే, మీ ఇద్దరు స్నేహితులను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు.

మరుసటి ఏడాది అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు కనిపించాయి. ముప్పు అంతకు ఎన్నో రెట్లు పెద్దది. మొదటి రోజు కెనడీ సలహాదారుల్లో ఎక్కువ మంది వాటి మీద బాంబులు వేయాలన్నారు. ఈసారి కెనడీ కొన్ని సమావేశాలకు కావాలనే రాలేదు, తను లేకపోతే మనసులో మాట బయటికొస్తుందని. సలహాదారులు రెండు జట్లుగా విడిపోయి, ఒకరి పథకంలో మరొకరు లోపాలు వెతికారు. చివరికి బాంబులు వేయలేదు, క్యూబాకు ఆయుధాలు తెచ్చే సోవియట్ ఓడలను అడ్డుకున్నారు. అక్టోబరు 28న క్షిపణులు వెనక్కి తీసుకుంటామని సోవియట్ నేత ప్రకటించాడు.

ఈసారి కూర్చున్నప్పుడు ఆ ఇద్దరినీ ముందు మాట్లాడనివ్వండి. కెప్టెన్ చివర్లో చెప్పాలి. వాళ్లు ఏమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య