ఇంటి పన్ను ఏటా 15 శాతం: షరతు పుట్టింది ఢిల్లీలో

విశాఖ మహానగర పాలక సంస్థ జీవీఎంసీ పాలకమండలికి ఐదేళ్లు నిండే సమయం దగ్గరపడేసరికి ఇంటి పన్ను మాట మళ్లీ పైకొచ్చింది. కంచరపాలెం టీ కొట్టు దగ్గర అడిగినా, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగినా ప్రశ్న ఒక్కటే. చెత్త పన్ను తీసేశారు, సంతోషం, మరి ఇంటి పన్ను ఎందుకు పెరుగుతూనే ఉంది? వైఎస్సార్‌సీపీ వాళ్లు ఇప్పుడున్న ప్రభుత్వాన్ని చూపిస్తారు. టీడీపీ వాళ్లు పోయిన ప్రభుత్వాన్ని చూపిస్తారు. జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం దగ్గర ఎర్రజెండాలతో కూర్చునేవాళ్లు మాత్రం మొదటి నుంచీ ఢిల్లీ వైపు వేలు చూపిస్తున్నారు. వాళ్లకు పెద్దగా ఓట్లు పడవు. కాగితాలు తిరగేస్తే మాత్రం వాళ్లు చెప్పే లెక్కే ఎక్కువ కుదురుతోంది.

జగన్ సంక్షేమ పథకాల నవరత్నాలేమిటో, చంద్రబాబు హామీల సూపర్ సిక్స్ ఏమిటో విశాఖ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేరుగా 2020 మే నెలకు వెళ్దాం.

లాక్‌డౌన్‌తో రాష్ట్రాల ఖజానాలు ఎండిపోయిన నెల అది. రిజిస్ట్రేషన్లు లేవు, అమ్మకం పన్ను లేదు, జీఎస్టీ వాటా అంతంతమాత్రం. ఇటు పథకాలకు, జీతాలకు డబ్బు కావాలి. ఆ నెల 17న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక వెసులుబాటు ప్రకటించారు. రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతం వరకే అప్పు చేయాలన్న పరిమితిని ఆ ఒక్క ఏడాదికి 5 శాతం చేశారు. పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది ఇంతవరకే. అసలు సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. అదనంగా ఇచ్చిన 2 శాతంలో షరతు లేకుండా దక్కేది అర శాతమే. ఇంకో 1 శాతాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో సంస్కరణకు ముడిపెట్టారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపారానికి అనుమతుల సులభతరం, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థలు. వీటిలో మూడైనా పూర్తిచేస్తేనే మిగిలిన అర శాతం.

పట్టణ సంస్కరణ అంటే ఏమిటో కేంద్రం విడమరిచే చెప్పింది. ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, అవి రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టుండాలి. నీటికి, డ్రైనేజీకి, మురుగు పారుదలకు వసూలు చేసే చార్జీలు ఖర్చుకు సరిపడా ఉండాలి. ఈ రెండూ ఎప్పటికప్పుడు పెరుగుతూ పోయే ఏర్పాటు ఉండాలి. ఏటా మన ఇంటికొచ్చే పెరుగుదలకు మూలం ఈ ఆఖరి వాక్యమే. చర్చల్లో దీన్ని ఎవరూ ఎత్తరెందుకో.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. 2020 నవంబర్ 24న జీఓ 198 వచ్చింది. అప్పటిదాకా ఉన్న వార్షిక అద్దె విలువ పద్ధతి పోయి, మూలధన విలువ మీద ఆస్తి పన్ను మొదలైంది. నీటికి, మురుగుకు సంబంధించిన జీఓలు 196, 197 కూడా దానితోపాటే వచ్చాయి. కొత్త సంవత్సరం వచ్చేసరికి పట్టణ సంస్కరణలు పూర్తిచేసిన తొలి రెండు రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ అని కేంద్ర ఆర్థిక శాఖ ప్రకటించింది. అందుకు మనకు దక్కింది 2,525 కోట్ల రూపాయల అప్పు తెచ్చుకునే అనుమతి. మూడు సంస్కరణలు పూర్తయ్యాక మూలధన ఖర్చు కోసం మరో 344 కోట్లు ఇచ్చారు. గ్రాంటు అనుకునేరు, అది కూడా 50 ఏళ్లలో తీర్చాల్సిన వడ్డీలేని రుణమే. విద్యుత్ షరతు దగ్గర్లోని జిల్లాలో కనిపించింది. శ్రీకాకుళంలో వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు బిగించడం మొదలైంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు విశాఖ నగరానికి మేయర్ లేరు, కార్పొరేటర్లు లేరు. 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో తీరిపోయింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలనే. 2021 మార్చిలో ఎన్నికలు పెట్టి 98 మంది కార్పొరేటర్లను గెలిపించుకునేసరికి పన్ను పద్ధతి ఖరారైపోయి ఉంది. స్థానిక సంస్థలకు అధికారాలిచ్చిన 74వ రాజ్యాంగ సవరణ గురించి ఏటా ఉపన్యాసాలు వింటూనే ఉంటాం. ఇంటి పన్నును ఏ పద్ధతిలో లెక్కించాలన్న నిర్ణయం మాత్రం ఊరి ప్రమేయం లేకుండానే అయిపోయింది.

లెక్క ఎలా నడుస్తుందో ఒకసారి చూద్దాం. పాత పద్ధతిలో ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్నది కొలత. కొత్త పద్ధతిలో స్థలానికి, కట్టడానికి రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ కొలత. కొత్త లెక్కలో పన్ను ఒక్కసారిగా రెండు మూడింతలయ్యే ఇళ్లున్నాయి కాబట్టి, ఏ ఏడాదీ 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. దీన్నే ఊరటగా చూపించారు. కానీ కొత్త లెక్క ప్రకారం కట్టాల్సిన మొత్తాన్ని అందుకునేదాకా ఏటా ఆ 15 పడుతూనే ఉంటుంది. గరిష్ఠం అని చెప్పింది చాలా ఇళ్లకు మామూలు రేటైపోయింది. ఏడాదికి 2,000 కట్టే ఇల్లనుకోండి. మరుసటి ఏడాది 2,300. ఆపై 2,645. అలా ఐదో పెంపు దగ్గరికొచ్చేసరికి 4,000 దాటుతుంది. అప్పటికీ లెక్క అందకపోతే ఆరో పెంపు.

విశాఖలో దీని దెబ్బ వేరు. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి భూముల ధరలు నేల మీద నిలవలేదు. రాజధాని రాలేదు, ధరలు మాత్రం దిగలేదు. 2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ విలువలను మళ్లీ సవరించారు. జ్ఞానాపురంలోనో మల్కాపురంలోనో తాతల నాటి 60 గజాల్లో ఇల్లున్న రిటైర్డ్ కార్మికుడికి గజం ధర పెరిగితే ఒరిగేదేమిటి? అమ్ముకుంటే తప్ప ఆ విలువ చేతికి రాదు. అమ్ముకుంటే ఉండటానికి ఇల్లుండదు. అద్దె విలువ పద్ధతిలో లోపాలు లేకపోలేదు గానీ, ఆ ఇంటి మీద ఎంత ఆదాయం రావచ్చో అంతవరకే అది చూసేది.

వైఎస్సార్‌సీపీ వాదన ఇదీ. నివాస గృహాల పన్ను 2002 తర్వాత సవరించలేదు, పెంచక తప్పదు. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే పెట్టాం, పేదల మీద భారం లేదు. అప్పటి మున్సిపల్ మంత్రి బొత్స సత్యనారాయణ చెప్పిన సారాంశం ఇంతే. 50 రూపాయల మాట నిజమే. 400 అడుగుల ఇంట్లో ఉండేవాడు ధనికుడు ఎలా అయ్యాడన్నదే మిగిలిన ప్రశ్న.

2021 జూన్‌లో జీవీఎంసీ ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు కోరినప్పుడు టీడీపీ ఎదిరించింది, వామపక్షాలు ఎదిరించాయి. విచిత్రమేమిటంటే రాష్ట్ర బీజేపీ కూడా ధర్నాలకు దిగింది. షరతు పెట్టినవారు, షరతు ఒప్పుకున్నవారు, అధికారంలోకొచ్చాక దాన్ని కొనసాగిస్తున్నవారు. తిలా పాపం తలా పిడికెడు.

ఇక్కడే చెత్త పన్ను కథ అక్కరకొస్తుంది. 2021 అక్టోబర్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పారిశుధ్య కార్యక్రమంతో మొదలైన ఆ వసూలు నెలనెలా గుమ్మం ముందుకొచ్చేది. మనిషొచ్చి అడిగేవాడు, గొడవయ్యేది. అది కంటికి కనిపించే పన్ను. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాని రద్దు ప్రకటించారు, ఆ తర్వాత చట్టం కూడా సవరించారు. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్న మాట వాస్తవం. ఆరు నెలలకోసారి కాగితం మీదో ఫోన్లోనో చప్పుడు లేకుండా వచ్చే ఇంటి పన్ను జోలికి మాత్రం పోలేదు. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో మేయర్ మారారు. దానికోసం రెండు వైపులా కార్పొరేటర్లను క్యాంపులకు తరలించారు. ఆ హడావుడిలో ఆస్తి పన్ను మాటెత్తినవాళ్లు నాకు తగల్లేదు.

98 మందిలో సీపీఐకి ఒకరు, సీపీఎంకి ఒకరు. ఇద్దరి బలం ఎంతో చెప్పక్కర్లేదు. అయినా వామపక్షాల వాదనలో ఒక దారం ఉంది. వాళ్లు సంక్షేమానికి అడ్డు చెప్పడం లేదు. పింఛను 4,000 అయితే మంచిదే అంటారు. సంక్షేమానికి డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోందన్నది వాళ్ల ప్రశ్న. అమ్మఒడి కింద 15,000 అన్నారు, రెండో ఏడాది మరుగుదొడ్ల నిర్వహణకని 1,000 పట్టుకున్నారు, తర్వాత 2,000 పట్టుకుని 13,000 వేశారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, తల్లి ఖాతాలో పడింది మళ్లీ 13,000. ఆ 2,000 బడి నిర్వహణకట. బడిలో మరుగుదొడ్డి శుభ్రం చేయించడం సర్కారు పని కాదా అని సీపీఎం అనుబంధ సీఐటీయూ ఆటో యూనియన్‌లో ఉండే మా వీధి అన్న అడుగుతాడు. అప్పుడూ అడిగాడు, ఇప్పుడూ అడుగుతున్నాడు. మధ్యలో అతన్ని ఒకరు టీడీపీ ఏజెంటన్నారు, ఇంకొకరు జగన్ మనిషన్నారు.

అదే నోటితో వామపక్షాల వాళ్లు చెప్పే ఇంకో పోలిక ఈ మధ్య బాగా పాకింది. రుషికొండ దగ్గర ఐటీ కంపెనీ టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. ఉద్యోగాలొస్తాయని ప్రభుత్వం అంటోంది, రావచ్చు. భూమి విలువను బట్టే పన్ను కట్టాలన్న సూత్రం గాజువాకలో గది మీద గది వేసుకున్నవాడికి వర్తించినంత గట్టిగా కొండ మీద వర్తించడం లేదన్నది వాళ్ల అభ్యంతరం.

వామపక్షాలకు ఇబ్బందికరమైన సంగతులూ లేకపోలేదు. షరతుతో డబ్బులిచ్చే పద్ధతి 2020లో పుట్టలేదు. 2005లో వచ్చిన కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కూడా ఆస్తి పన్ను సంస్కరణ, వినియోగ చార్జీలు అనే షరతులతోనే వచ్చింది, అందులో విశాఖ కూడా ఉంది. ఆనాటి యూపీఏ ప్రభుత్వాన్ని బయట నుంచి నిలబెట్టింది వామపక్షాలే. కేరళలో వామపక్షాల ఎల్‌డీఎఫ్ ప్రభుత్వం ఉండగానే 2023 నుంచి భవన పన్ను ఏటా 5 శాతం పెరిగే ఏర్పాటు చేశారు. ఇవి అడిగితే గాంధీ విగ్రహం దగ్గర కాస్త నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఐదుకీ పదిహేనుకీ తేడా లేదా అని ఆ తర్వాత ఎవరో ఒకరు అంటారు. తేడా ఉంది.

ఇంతకీ 2020 నాటి అప్పు వెసులుబాటు ఎప్పుడో ముగిసింది. షరతు ముగియలేదు. 15వ ఆర్థిక సంఘం పట్టణాలకిచ్చే గ్రాంట్లకు కూడా ఆస్తి పన్ను కనీస రేట్ల ప్రకటనను ముందు షరతుగా పెట్టింది. అప్పు కోసం ఒప్పుకున్నది గ్రాంటు కోసం కొనసాగింది. ఏ పార్టీ వచ్చినా జీఓ 198 మీద చెయ్యి వేయడానికి జంకేది ఇందుకే. పాలకమండలి చేతిలో ఉన్నది చట్టం గీసిన గీతల మధ్య రేటు తేల్చడం, ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం లోపు. పాత అద్దె విలువకు వెళ్లాలంటే అసెంబ్లీలో చట్టం మారాలి. రేపు వార్డులో ఓటడగడానికి వచ్చి ఇంటి పన్ను తగ్గిస్తామనే అభ్యర్థిని, ఆ గీతల మధ్య తగ్గిస్తారా, గీతలే మార్పిస్తారా అని అడగొచ్చు.