పండ్లు తినకపోతే మొక్కల ఆహారం కుదరదా? అపోహలు - వాస్తవాలు

పాలు, పెరుగు కూడా మానేసి పూర్తిగా మొక్కల ఆహారానికి మారినవాళ్లు ఈమధ్య తిరుపతిలో నా దగ్గరికి సలహా కోసం వస్తున్నారు. డైటీషియన్‌గా వాళ్ల నుంచి ఎక్కువగా వినే టెన్షన్ ఒకటే. "రోజూ పండ్లు కొనలేకపోతున్నాం మేడమ్, ఏమన్నా అవుతుందా?"

అపోహ: పండ్లు లేకపోతే విటమిన్లు అందవు.

వాస్తవం: పండ్లలో మనకు దొరికేవి ముఖ్యంగా విటమిన్ సి, పొటాషియం, ఫోలేట్, పీచు. ఇవన్నీ ఆకుకూరల్లో, కూరగాయల్లో కూడా ఉన్నాయి. విటమిన్ సి రోజుకు మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల పచ్చి మునగాకులోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కాకపోతే వండితే చాలా వరకు పోతుంది. అందుకే ఆకును తరగకముందే కడగండి, ఉడికిన నీళ్లు పారబోయకండి, పప్పు దించాక నిమ్మకాయ పిండండి. రాగి సంగటిలోకి మునగాకు పప్పు ఇలా చేసుకుంటే రాగుల్లో, ఆకులో ఉన్న ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ లాభం తగ్గిపోతుంది.

అలాగని పండ్లు దండగ అనను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో పాటు 100 గ్రాముల పండ్లు కూడా ఉన్నాయి. చారన్నంలోకి రెండు స్పూన్ల వేపుడు నంజుకుని లేచేవాళ్లు, పండు అక్కర్లేదని ఈ పోస్టు చూపించి వాదించకండి. ఆ లెక్క మీకు వర్తించదు.

అపోహ: ఆపిల్‌లో ఉన్న బలం జామకాయలో ఉండదు.

వాస్తవం: విటమిన్ సి విషయంలో ఆపిల్ జామకాయకు దరిదాపుల్లోకి కూడా రాదు. తోపుడుబండి మీది జామకాయలు నిశ్చింతగా కొనుక్కోండి.

అపోహ: పండు తిన్నా జ్యూస్ తాగినా ఒకటే.

వాస్తవం: కాదు. వడకడితే పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. చిత్తూరు మామిడైనా సరే, ముక్కలు కోసుకుని తినండి. షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి.

అపోహ: పండ్లు బాగా తింటే ఇక ఏ లోటూ ఉండదు.

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పండ్లలో ప్రొటీన్ చాలా తక్కువ, బి12 అసలే ఉండదు. బి12 తగ్గితే రక్తహీనత, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. పాలు కూడా మానేసినవాళ్లు డాక్టర్‌ని అడిగి బి12 మాత్ర వేసుకోవాల్సిందే. ప్రొటీన్ కోసం కందిపప్పు, ఉలవలు, అలసందలు, వేరుశనగ ఉన్నాయి. చేతిలో డబ్బులు తక్కువుంటే ముందు వీటికి ఖర్చుపెట్టండి, పండ్లు ఆ తర్వాత.