మన స్కూటర్‌లో నీళ్ళెందుకు పోయరు?

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. "తాతయ్యా, మామయ్య కొత్త స్కూటర్ ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరుగుతాయట. మా స్కూటర్‌కి ఉత్త గాలేనట. అయితే మాది తక్కువదా? ఈ ఎండల్లో సింహాచలం కొండ ఎక్కితే మధ్యలో ఆగిపోతుందా?" అన్నావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. కాగితం మీద ఉంటే బుజ్జి కూడా కాస్త పెద్దయ్యాక చదువుకుంటాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందుగా నీ టెన్షన్ తీర్చేస్తాను. మీ స్కూటర్ ఆగిపోదు. హాయిగా కొండెక్కి అప్పన్న దర్శనం చేసుకుని రండి. ఎందుకు ఆగదో ఇప్పుడు చెబుతాను.

ఇంజన్‌లో సిలిండర్ అని ఒక గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ ఉంటాయి. పెట్రోలు తుంపర, గాలి కలిసి లోపలికి వెళ్ళాక ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది. అది భగ్గున మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుడుకే చక్రం తిరుగుతుంది. బండి జోరుగా పోతున్నప్పుడు ఇలా సెకనుకు 50 సార్లు మండుతుంది. మండిన ఆ క్షణంలో లోపల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టనేమో అల్యూమినియంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది! మరి పిస్టన్ ఎందుకు కరగదు? మంట రెప్పపాటు కూడా ఉండదు. వెంటనే చల్లని గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి. గోడలకు అంటిన వేడిని బయటి నుంచి ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉంటారు. అలా లాగే పని గాలికి అప్పగించాలా, నీళ్ళకు అప్పగించాలా అన్నదే మీ స్కూటర్‌కీ మామయ్య స్కూటర్‌కీ ఉన్న తేడా.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. మీ నాన్న బంకులో పోయించిన పెట్రోలులో బండిని నిజంగా నడిపేది పావు వంతో, కాస్త ఎక్కువో. మిగతాదంతా వేడిగానే పోతుంది. కొంత సైలెన్సర్ గొట్టంలోంచి పోతే, కొంత ఇంజన్ ఒంటికి పడుతుంది.

బుజ్జి పాలు తాగే వేళ మనింట్లో జరిగే గొడవ మీకు తెలిసిందే. పాలు పొయ్యి దిగగానే వాడికి కావాలి, కానీ నోరు కాలకూడదు. అప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది? తీరిగ్గా ఉంటే పాలు వెడల్పాటి పళ్ళెంలో పోసి విసనకర్రతో విసురుతుంది. తొందరలో ఉంటే పాల గ్లాసు తీసుకెళ్ళి నీళ్ళ గిన్నెలో నిలబెడుతుంది. పెట్రోలు స్కూటర్లు తయారుచేసేవాళ్ళు చేస్తున్నదీ ఇదే.

పళ్ళెం సంగతి ముందు చూద్దాం. గ్లాసులో ఉన్నప్పుడు పాలకు గాలి తగిలేది పైన ఉన్న కాస్త చోటే. పళ్ళెంలో పోస్తే అవే పాలు పరుచుకుని ఎక్కువ గాలికి తగులుతాయి. ఇంజన్‌ను పరచలేం కాబట్టి సిలిండర్ చుట్టూ పల్చటి లోహపు రెక్కలు వరసగా పోతపోస్తారు. వీటిని మెకానిక్కులు ఫిన్స్ అంటారు. ఒక్కో రెక్కకూ రెండు పక్కలా గాలి తగులుతుంది కదా, అలా చిన్న సిలిండర్ కూడా పెద్ద పళ్ళెం అయిపోతుంది.

ఇక విసనకర్ర. మోటార్ సైకిల్‌కు దాని అవసరం లేదు. ఇంజన్ బయటే ఉంటుంది, బండి కదిలితే ఎదురుగాలే విసురుతుంది. స్కూటర్‌కు మాత్రం ఇంజన్ కనపడదు. 1946లో ఇటలీలో పియాజియో కంపెనీ వెస్పా స్కూటర్‌ను తెచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన కొరాడినో డి'అస్కానియో విమానాల ఇంజనీరు, హెలికాప్టర్ల మీద పనిచేసినవాడు. మోటార్ సైకిళ్ళంటే ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఎక్కినవాళ్ళ బట్టలకు నూనె, మురికి అంటకూడదని ఇంజన్‌ను రేకు కింద దాచేశాడు. చీరకట్టుతో కూడా హాయిగా కూర్చోగల బండి అలా వచ్చింది. కానీ దాచిపెట్టిన ఇంజన్‌కు గాలెలా తగులుతుంది? అందుకని ఇంజన్‌తోపాటే తిరిగే చక్రానికి రెక్కలు పెట్టి ఫ్యాన్ చేశారు. ఆ గాలి పక్కలకు పోకుండా నేరుగా ఫిన్స్ మధ్యలోంచి సాగేలా చుట్టూ తొడుగు పెట్టారు. మీ యాక్టివాలో కూడా ఇదే ఏర్పాటు.

ఇందులో ఒక తెలివి దాగుంది చిట్టీ. ఫ్యాన్ తిరిగేది బండి వేగాన్ని బట్టి కాదు, ఇంజన్ వేగాన్ని బట్టి. సింహాచలం ఘాట్ రోడ్డు మీద బండి మెల్లగా ఎక్కుతున్నా ఇంజన్ లోపల గట్టిగా తిరుగుతూనే ఉంటుంది. దానితో ఫ్యాను కూడా జోరందుకుంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే అమ్మమ్మ ఇంకా గట్టిగా విసిరినట్టు. ఎన్ఏడీ జంక్షన్‌లో బండ్లన్నీ ఇరుక్కుపోయి కదలకపోయినా మీ స్కూటర్ ఫ్యాను విసరడం మానదు. ఇప్పుడు చెప్పు, మీది తక్కువదా?

మా చిన్నప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర ఉండేవాళ్ళం. మా నాన్న స్కూటర్‌కు ముందు నిలబడేది నేను, వెనక చెల్లిని ఒళ్ళో పెట్టుకుని అమ్మ. ఆ రోజుల్లో స్కూటర్ బుక్ చేస్తే రావడానికి ఏళ్ళు పట్టేది. అందుకని ఇంట్లో దానికి ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. ఆదివారం పొద్దున్నే నాన్న కుడివైపు డొప్ప ఊడదీసి తుడుస్తుంటే పక్కన గుడ్డ పట్టుకుని కూర్చోవడం నా పని. ఒక చందనోత్సవానికి అందరం కొండకు బయల్దేరాం. వైశాఖమాసపు ఎండ, పైగా మన ఊరి ఉక్కపోత. సగం ఎక్కామో లేదో ఇంజన్ గుర్రుమని మొరాయించి ఠక్కున ఆగిపోయింది. కిక్ కొడదామంటే రాడ్ కదలదు. "పిస్టన్ పట్టేసింది" అన్నారు నాన్న. డొప్ప తీసి చూస్తే ఫ్యాన్ నోటికి అడ్డంగా ఒక గుడ్డపీలిక! అంతకుముందు సర్వీసు చేసినవాళ్ళెవరో తుడిచి అక్కడే మరిచిపోయారు. విసనకర్రను ఎవరో గట్టిగా పట్టేసుకున్నట్టయింది.

చెట్టు కింద బండి ఆపి కూర్చున్నాం. అమ్మ తాటి ముంజలు కొని పెట్టింది. ఆ ముంజల చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఈ కాలం ముంజల్లో ఆ నీరు లేదేమో అనిపిస్తుంది. సరే, ఇంజన్ చల్లారాక నాన్న కిక్ కొడితే మళ్ళీ కదిలింది! తర్వాత మేస్త్రి విప్పి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. దాని పక్కన నిలువునా గీతలు పడి ఉన్నాయి. వేడెక్కితే అల్యూమినియం, ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఇనప సిలిండర్‌లో అల్యూమినియం పిస్టన్ వేడెక్కి ఉబ్బిపోతే ఆడటానికి చోటుండదు, పట్టేస్తుంది. చల్లారితే మళ్ళీ వదులవుతుంది. చిన్న గుడ్డపీలిక ఎంత పని చేసిందో చూశారా? యంత్రానికి నోరు లేదు నాన్నా. మనమే వంగి చూసి దాని కష్టం తెలుసుకోవాలి. మీరు కూడా వానాకాలంలో ఫ్యాన్ జాలీ దగ్గర బురద, ఆకులు చేరాయేమో చూస్తూ ఉండండి. వేడి ఇంజన్ మీద మాత్రం చన్నీళ్ళు కొట్టకండి.

ఇప్పుడు మామయ్య స్కూటర్ దగ్గరికి వద్దాం. అది ఏరోక్స్ 155, నీళ్ళ గిన్నె పద్ధతి. పాల గ్లాసు నీళ్ళలో పెడితే ఎందుకంత తొందరగా చల్లారుతుంది? ఒకే చోటు నిండా గాలి, అదే చోటు నిండా నీళ్ళు తీసుకుని రెండింటినీ ఒక డిగ్రీ వేడెక్కనిస్తే, నీళ్ళు తాగే వేడి గాలి తాగేదానికి సుమారు 3500 రెట్లు! నేను పనిచేసిన స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటిలో ఇనుము 1500 డిగ్రీల దగ్గర కరిగి ప్రవహిస్తుంది. ఆ గోడలను కాపాడేది కూడా నీళ్ళే. అంతెందుకు, మే నెలలో విజయవాడ 40 డిగ్రీలు దాటి ఉడికిపోతుంటే మనం చాలా రోజులు 35 దగ్గరే ఉంటాం. మన ముందున్న సముద్రం ఎండంతా తాగి కూడా పెద్దగా వేడెక్కదు, మధ్యాహ్నానికి చల్లగాలి పంపిస్తుంది. నీళ్ళకు ఇంత గొప్ప గుణం ఎలా వచ్చిందో పై క్లాసుల్లో చదువుకుంటారు. ఇప్పటికి బీచ్‌లో నిలబడి ఆశ్చర్యపోతే చాలు.

అయితే గిన్నెలో నీళ్ళు కాసేపటికి గోరువెచ్చనవుతాయి కదా. అమ్మమ్మ వాటిని పారబోసి కొత్తవి పోస్తుంది. స్కూటర్‌లో పారబొయ్యడం కుదరదు. అందుకని ఒక చిన్న పంపు ఆ నీళ్ళనే తిప్పుతూ ఉంటుంది. సిలిండర్ గోడ లోపల చేసిన దారుల్లో తిరిగి వేడెక్కిన నీళ్ళు రేడియేటర్‌లోకి వస్తాయి. అక్కడ సన్నటి గొట్టాలు, వాటి మధ్య కాగితమంత పల్చటి రేకులు, వాటి మీదికి ఫ్యాన్ గాలి. అక్కడ చల్లబడి మళ్ళీ సిలిండర్ దగ్గరికి వెళతాయి. గమనించారా? చివరికి ఆ వేడి కూడా గాలికే చేరింది! నీళ్ళు చేసిందల్లా ఇరుకు చోట పుట్టిన వేడిని మోసుకొచ్చి విశాలమైన చోట గాలి చేతిలో పెట్టడం.

పాలు మరీ చల్లారిపోయినా బుజ్జి తాగడు, మొహం తిప్పేస్తాడు. ఇంజన్ కూడా అంతే. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, పెట్రోలు సరిగ్గా మండదు. అందుకని నీళ్ళ దారిలో థర్మోస్టాట్ అని ఒక చిన్న తలుపు పెడతారు. అందులో మైనం ఉంటుంది. 80, 90 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి మైనం కరిగి ఉబ్బి తలుపు తోస్తుంది. అప్పటిదాకా నీళ్ళు రేడియేటర్ వైపు వెళ్ళవు. ఇంజన్ వేడి ఎప్పుడూ ఒకేలా నిలబడుతుంది కాబట్టి లోపలి భాగాలను దగ్గర దగ్గరగా, తక్కువ సందుతో కూర్చవచ్చు, ఇంకా గట్టిగా మండించవచ్చు. మీ 110 సీసీ ఇంజన్ ఇచ్చేది సుమారు 8 హార్స్‌పవర్, మామయ్య 155 సీసీ ఇంజన్ ఇచ్చేది సుమారు 15. ఇంజన్ ఒకటిన్నర రెట్లు కూడా పెద్దది కాదు, బలం మాత్రం దాదాపు రెండింతలు. నీళ్ళొక్కటే కారణం కాదు, కానీ నీళ్ళు లేకుండా అంత బలాన్ని అంతసేపు మొయ్యడం కష్టం.

దానికి తగ్గ బరువు, ఖర్చు కూడా ఉన్నాయి. పంపు, గొట్టాలు, రేడియేటర్, ఎక్కడ కారుతుందోనన్న కాపలా. అందులో పోసేది మన కుళాయి నీళ్ళు కూడా కాదు, అవి పోస్తే లోపల గార కడుతుంది, తుప్పు పడుతుంది. కూలెంట్ అని రంగుల ద్రవం పోస్తారు. బుజ్జీ, ఇది నీకు ముఖ్యంగా. అది షర్బత్ రంగులో ఉంటుంది, తియ్యగా ఉంటుంది, కానీ విషం. వేలు కూడా పెట్టకూడదు. బండి వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎవరూ తియ్యకూడదు, లోపల ఒత్తిడికి మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి.

నన్నడిగితే గాజువాక నుంచి బడికీ బజారుకీ తిరిగే బండికి గాలి చాలు. దానిలో కారేది లేదు, పోసేది లేదు. మామయ్య హైవే మీద భీమిలి దాటి దూరాలు పోతాడు, ఆయనకు నీళ్ళు కావాలి.

ఆదివారం పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీ స్కూటర్ కుడివైపు, వెనక చక్రం దగ్గర వంగి చూడండి. నల్లటి తొడుగు, దానికి గాలి పీల్చే సందులు కనిపిస్తాయి. మామయ్య వచ్చినప్పుడు ఆయన బండికి కూడా కుడివైపే చూడండి, ఆ జాలీ వెనక రేడియేటర్ ఉంటుంది. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి బండి ఆపగానే ముట్టుకోకుండా దగ్గర నిలబడి వినండి. టిక్కు టిక్కుమంటుంది. సాగిన లోహం మళ్ళీ ముడుచుకుంటున్న చప్పుడది.

ఆ తర్వాత మీ వీధిలో ఉన్న మోటార్ సైకిళ్ళన్నీ చూసి రండి. ఫిన్స్ ఉండి కూడా, ముందు చిన్న రేడియేటర్ లాంటిది ఉన్న బండి ఒకటి ఎక్కడో కనిపిస్తుంది. దానిలో తిరిగేది గాలీ కాదు, నీళ్ళూ కాదు. ఏమిటో మెకానిక్ షెడ్డులో అడిగి కనుక్కుని, నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య