లాబ్‌స్టర్ డైవింగ్: అపోహలు - వాస్తవాలు

ప్రతి ఏడాది సెప్టెంబర్ చివర్లో మా అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసి ఒకటే అడుగుతుంది: "ఆక్సిజన్ సిలిండర్ సరిగ్గా చూసుకున్నావా నాన్నా?" అందులో ఉండేది ఆక్సిజన్ కాదమ్మా అని పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. "ఏదో ఒకటిలే, చూసుకున్నావా లేదా" అంటుంది.

నేనుండేది శాన్ డియెగోలో. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో డైవ్‌మాస్టర్‌గా కొత్తవాళ్ళ వెంట నీళ్ళలోకి దిగడం. అక్టోబర్ నుంచి మార్చి దాకా మాత్రం ఇక్కడి డైవర్లందరికీ ఒకటే పిచ్చి, లాబ్‌స్టర్ (రొయ్యకు పెద్ద చుట్టం) వేట. నా ఫోటోలు చూసిన మన తెలుగువాళ్ళు పార్టీల్లో అడిగే ప్రశ్నలు, చెప్పే నమ్మకాలు పోగుచేస్తే ఇంత అయింది. ఇదంతా దక్షిణ కాలిఫోర్నియా తీరం సంగతి. రూల్స్ అప్పుడప్పుడు మారుతుంటాయి, కాబట్టి దిగే ముందు ఆ ఏడాది రూల్స్ మీరే ఒకసారి చదువుకోండి.

అపోహ: వీపుకు కట్టుకునేది ఆక్సిజన్ సిలిండర్.

వాస్తవం: మన పేపర్లు, టీవీలు అలాగే అంటాయి కాబట్టి ఈ మాట ఎప్పటికీ పోదు. అందులో ఉండేది మీరిప్పుడు పీలుస్తున్న గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. కంప్రెసర్‌తో 3000 పిఎస్ఐ దాకా నొక్కి నింపుతారు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర పిఎస్ఐ, దాంతో పోల్చుకుంటే ఎంత గట్టిగా నొక్కారో తెలుస్తుంది. పొరపాటున నిజంగానే స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపుకుని దిగితే 20 అడుగులు దాటాక అదే విషం. ఫిట్స్ వస్తాయి, నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతుంది, ఆ తర్వాత చెప్పక్కర్లేదు.

అసలు లెక్క నైట్రోజన్‌ది. లోతుకు వెళ్ళేకొద్దీ అది ఒంట్లో కరుగుతుంది. గోలీసోడా మూత నొక్కగానే బుడగలు ఎలా పొంగుతాయో చూశారుగా? తొందరపడి పైకొస్తే రక్తంలో అదే జరుగుతుంది. అందుకే నిమిషానికి 30 అడుగులకు మించకుండా పైకి రావాలి, 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆదివారం మధ్యాహ్నం డైవ్ చేసి రాత్రి ఫ్లైట్‌కి డల్లాస్ వెళ్ళిపోతానంటే కుదరదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమంటారు. సోమవారం ఉదయం మీటింగ్ ఉందని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. మీటింగ్ ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నాను.

అపోహ: లాబ్‌స్టర్ డెక్కలతో వేలు కత్తిరించేస్తుంది.

వాస్తవం: మీరు హోటల్ బొమ్మల్లో చూసే పెద్ద పెద్ద డెక్కలవి అట్లాంటిక్ వైపువి, మెయిన్ రాష్ట్రం లాంటి చోట్ల దొరికేవి. అక్కడ డైవర్లు వాటిని ముట్టుకోకూడదు కూడా, బోనులతోనే పట్టాలి. కాలిఫోర్నియా స్పైనీ లాబ్‌స్టర్‌కి డెక్కలే లేవు. విశాఖ రేవులో బుట్టల్లోకి వచ్చే లాబ్‌స్టర్లు కూడా ఈ జాతి చుట్టాలే, వాటికీ ఉండవు. ఉడికాకే ఎర్రబడుతుందన్నది కూడా అట్లాంటిక్ దాని కథే. ఇది బతికుండగానే ఎర్రగా, ఇటుక రంగులో ఉంటుంది.

అలాగని సాధువు కాదు. ఒళ్ళంతా ముళ్ళు. తోక పక్కల అంచులు కత్తిపీట లాగా ఉంటాయి, పట్టుకోగానే టపటపా కొట్టుకుంటుంది. గ్లవ్స్ లేకుండా పట్టుకున్నవాడు రెండోసారి అలా పట్టుకోడు. దాని పొడుగాటి మీసాలు లాగితే ఊడి చేతికొస్తాయి, అది మాత్రం వెనక్కి ఎగిరి మాయమైపోతుంది. నా మొదటి సీజన్లో నేను పట్టినవన్నీ మీసాలే.

అపోహ: ఈటెతో పొడిచేస్తే అయిపోతుంది కదా.

వాస్తవం: డైవర్లు చేత్తోనే పట్టాలి. ఈటె, కొక్కెం, వల, ఏదీ వాడకూడదు. కొక్కెం ఉన్న పనిముట్టు దగ్గర ఉంచుకుని దిగడం కూడా తప్పే. కారణం తేలిక. పొడిచాక కొలిస్తే ఏం లాభం? చిన్నదని తేలినా అప్పటికే చచ్చిపోయింది.

పట్టే పద్ధతి చెబుతాను. పగలు రాళ్ళ సందుల్లో దాక్కుని మీసాలు బయటపెట్టి కూర్చుంటాయి, రాత్రి మేతకు బయటికొస్తాయి. అందుకే ఎక్కువమంది రాత్రే దిగుతారు. లైటు నేరుగా కళ్ళలో కొట్టకుండా పక్కగా ఉంచి, నిదానంగా దగ్గరికెళ్ళి, పైనుంచి వీపు మీద అరచేత్తో ఒక్కసారి ఇసుకకు అదిమేయాలి. అదమడం మొదలుపెట్టాక తటపటాయిస్తే పోయినట్టే. మా గురువుగారు "పీతను పట్టినట్టు కాదు, దోమను కొట్టినట్టు" అనేవారు.

అపోహ: పడవెక్కాక తీరిగ్గా కొలుచుకోవచ్చు.

వాస్తవం: నీళ్ళలోకి దిగకుండా పైనుంచి వలతో పట్టేవాళ్ళు పైకి తీసి కొలవచ్చు, డైవర్లు కొలవకూడదు. నీళ్ళలో ఉండగానే గేజ్ (సైజు కొలిచే పనిముట్టు) పెట్టి చూడాలి. కంటి గుంట వెనక అంచు నుంచి వీపు డిప్ప వెనక అంచు దాకా, నడి వీపు మీద తిన్నగా, మూడుంబావు అంగుళాలు ఉండాలి. గేజ్ డిప్ప మీదుగా వదులుగా జారిపోయిందంటే చిన్నదన్నమాట, అక్కడికక్కడే వదిలేయాలి. చిన్నదాన్ని సంచిలో వేసి "తర్వాత చూద్దాం" అనుకోవడం కూడా నేరమే. ఈ సైజుకు పెరగడానికి దానికి ఏడేళ్ళు పడుతుంది, ఒక్కోదానికి పదేళ్ళ పైనే. అద్దం ముక్క లాంటి పిల్లగా నెలల తరబడి సముద్రంలో కొట్టుకుపోయి, తర్వాత ఎక్కడో నేల చేరి, ఎన్నోసార్లు డిప్ప మార్చుకుంటే ఇంతవుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నవి వదిలేటప్పుడు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది, అబద్ధమెందుకు.

ఇంటికి తెచ్చేదాకా తోక విరవకూడదు. వండబోయే ముందు దాకా కొలవడానికి వీలుగా నిండుగా ఉండాలి.

అపోహ: రోజుకు ఏడు పట్టొచ్చు, అంటే వారాంతానికి పద్నాలుగు.

వాస్తవం: మనవాళ్ళు లెక్కల్లో దిట్టలు కదా, ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఏడు అన్నది రోజు పరిమితే కాదు, మీ దగ్గర ఒకేసారి ఉండదగ్గ మొత్తం కూడా. ఫ్రీజర్‌లో నాలుగు ఉంటే ఇవాళ మూడే పట్టాలి. అమ్మకూడదు కూడా. లైసెన్స్ ఒక్కటి సరిపోదు, లాబ్‌స్టర్ రిపోర్ట్ కార్డు వేరే కొనాలి. లైసెన్స్ అక్కర్లేని పిల్లలకు సైతం కార్డు కావాలి.

అపోహ: లోతు తక్కువ, భయం లేదు.

వాస్తవం: ఇది రాయడానికే ఈ పోస్టు మొదలుపెట్టాను. మిగతావన్నీ పక్కవాయిద్యాలు.

లాబ్‌స్టర్లు ఎక్కువగా దొరికేది 10 నుంచి 30 అడుగుల మధ్య, అలలు విరిగే రాళ్ళ దగ్గర. స్కూబా నేర్చుకునేటప్పుడు మొదటి సర్టిఫికెట్‌తోనే 60 అడుగులు వెళ్ళొచ్చని చెబుతారు కాబట్టి, 15 అడుగులంటే స్విమ్మింగ్ పూల్ అనుకుంటారు. కానీ నీళ్ళ కింద గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే నాలుగడుగుల తేడాకే ఊపిరితిత్తి చిరగొచ్చు. ఒత్తిడి మార్పు పైపైనే ఎక్కువ. 33 అడుగుల నుంచి పైకి వచ్చేసరికి గాలి రెండింతలవుతుంది, 99 నుంచి 66 అడుగులకు వచ్చేసరికి మూడోవంతే పెరుగుతుంది. పైగా లోతు తక్కువ చోట అల ఊపు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఈడ్చి రాళ్ళకేసి కొడుతుంది. దీనికి తోడు రాత్రి, కెల్ప్ అనే సముద్రపు నాచు తీగలు, చలి. అక్టోబర్‌లో నీళ్ళు ఓ మాదిరిగా ఉంటాయి గాని ఫిబ్రవరికల్లా 13, 14 డిగ్రీలకు దిగుతాయి. 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ వేసుకున్నా వేళ్ళు మొద్దుబారతాయి.

డైవర్ల మరణాల మీద డాన్ అనే సంస్థ పరిశోధకులు 947 కేసులు పరిశీలించి 2008లో ఒక అధ్యయనం వేశారు. ప్రమాదానికి నాంది ఏమిటో తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి అయిపోవడం వల్లే. తర్వాతి స్థానం ఎక్కడో ఇరుక్కుపోవడానిది, 20 శాతం. పరికరం పాడవడం దాని తర్వాత. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు నా నాలుగో సీజన్ గుర్తొస్తుంది.

రాత్రి తొమ్మిది, లోతు 15 అడుగులు. రాయి కింద సందులో పెద్దది కనపడింది, నా జీవితంలో అంతది చూడలేదు. చెయ్యి పెట్టాను, అందలేదు. భుజం దాకా పెట్టాను. ఇంకొంచెం జరిగాను. అల ఒక్క తోపు తోసేసరికి సిలిండర్ రాయి కింద ఇరుక్కుంది. లాబ్‌స్టర్ సంచీ నడుముకి క్లిప్ పెట్టుకున్నాను, అది ఇంకో రాయికి తగులుకుంది. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ చూస్తే 400 పిఎస్ఐ. 500 ఉండగా పైన ఉండాలని నేనే అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి! ఎప్పుడు అంత దిగిందో తెలియదు, ఎందుకంటే పావుగంటగా గేజ్ చూడలేదు. నాతో జతగా దిగిన బడ్డీ లైటు కూడా కనిపించలేదు. పాపం, అతనూ తన సందులో తల దూర్చి ఉన్నాడు.

బయటపడ్డానంటే అది తెలివి కాదు, వెనక్కి లాగే అల. పెనుగులాడితే ఇంకా బిగుసుకుంటోందని ఊరుకుని, మూడు సార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అల వెనక్కి గుంజినప్పుడు దాంతోపాటే జారాను. సంచీ వదిలేశాను. అందులో నాలుగు ఉన్నాయి. ఆ సీజన్ మళ్ళీ దిగలేదు.

అప్పటినుంచి నా పద్ధతులు ఇవి. సంచీ ఒంటికి కట్టుకోను, చేత్తో పట్టుకుంటాను. మోచేయి దాటి సందులోకి పోను. ప్రతి లాబ్‌స్టర్ కొలిచాక, దొరికినా దొరక్కపోయినా, గాలి గేజ్ ఒకసారి చూస్తాను. 1000కి వెనుదిరుగుతాను. ఇద్దరం ఒకేసారి వేటాడం. ఒకరు పడితే ఒకరు లైటు పట్టుకోవాలి. ఈ చివరిదానికి ఒప్పుకునే బడ్డీ దొరకడమే కష్టం, లాబ్‌స్టర్లు తేలిగ్గా దొరుకుతాయి.

అపోహ: ప్రమాదమంటే సొరచేపలే.

వాస్తవం: తెల్ల సొరలు ఇక్కడ ఉన్నాయి. లాంగ్ బీచ్ యూనివర్సిటీవాళ్ళు డ్రోన్లతో చిత్రీకరించి 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిల్ల సొరలు గుమిగూడే చోట్ల గమనించిన రోజుల్లో 97 శాతం రోజులు అవి జనం పక్కనే ఈదుతున్నాయి. జనానికి తెలియనే తెలియదు, అవీ పట్టించుకోలేదు. నాకు భయం మోరే ఈల్ అనే చేప అంటేనే. లాబ్‌స్టర్ ఉన్న సందులోనే పాములా చుట్టుకుని ఉంటుంది. మీరు చెయ్యి పెట్టేది దాని ఇంట్లో. గొంతులో రెండో జత దవడలు ఉంటాయి దానికి, పట్టిందంటే లోపలికి లాక్కుంటుంది. ముందు లైటు వేసి చూడండి, తర్వాత చెయ్యి.

అపోహ: మొదటి రాత్రి దొరక్కపోతే ఇక సీజన్ అయిపోయినట్టే.

వాస్తవం: సీజన్ అక్టోబర్ మొదటి బుధవారానికి ముందు శుక్రవారం సాయంత్రం 6 గంటలకు తెరుచుకుంటుంది. ఆ రాత్రి రేవు మన సంక్రాంతి కోడిపందాల బరి లాగే ఉంటుంది, కార్లు పెట్టడానికి చోటుండదు. ఎప్పుడో ఏడాది కింద డైవ్ చేసినవాళ్ళు అటక మీద నుంచి రెగ్యులేటర్ దించుకుని నేరుగా నీళ్ళలోకి దూకుతారు. నేను ఆ రాత్రి ఇంట్లో బిర్యానీ తింటాను. మార్చి 15 తర్వాతి బుధవారం దాకా టైముంది. చలికాలం తుఫానులకు లాబ్‌స్టర్లు కాస్త లోతుకు జరుగుతాయి, జనం పలచబడతారు, నీళ్ళు తేటగా ఉండే రోజులు కూడా వస్తాయి.

అపోహ: వేట నిషేధించిన చోట్లు మన నోటి దగ్గర కూడు లాక్కున్నాయి.

వాస్తవం: 2012 జనవరి 1 నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో కొత్త రక్షిత ప్రాంతాలు వచ్చాయి. లా హోయా కోవ్ దగ్గర, కేటలీనా దీవి కాసినో పాయింట్ దగ్గర ఒక్కటి కూడా పట్టకూడదు. పాత డైవర్లు ఇప్పటికీ తిట్టుకుంటారు, నేనూ తిట్టుకున్నాను. కానీ శాంటా బార్బరా దగ్గర బోనుల వేట మీద పరిశోధన చేస్తే, వేటాడే చోటు 35 శాతం తగ్గినా ఆరేళ్ళలో మొత్తం వేట 225 శాతం పెరిగిందని 2021లో తేలింది. లోపల పెరిగినవి గట్టు దాటి బయటికొస్తాయి మరి. కాసినో పాయింట్‌లో ఒకసారి దిగి చూడండి, మిమ్మల్ని చూసి లోపలికి కూడా పోవు, బండ మీద జమీందారుల్లా కూర్చుని ఉంటాయి.

అపోహ: ఎక్కువసేపు ఉడికిస్తేనే నీచు వాసన పోతుంది.

వాస్తవం: పోతుంది, దాంతోపాటు రుచీ పోతుంది, రబ్బరు మిగులుతుంది. తోకను నిలువునా చీల్చి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కాస్త వెన్న రాసి పెనం మీద పెట్టండి. తెల్లబడి గట్టిపడగానే దించేయండి, అంతే. కాళ్ళు, తల పారేయకండి. చింతపండు పులుసులో వేస్తే మా అమ్మ చేసే పీతల పులుసుకు పోటీ వస్తుంది.

ఇక ఆ రిపోర్ట్ కార్డు సంగతి. దిగే ముందే తేదీ, చోటు రాయాలి, పైకొచ్చాక ఎన్ని దొరికాయో రాయాలి. ఏమీ దొరక్కపోతే సున్నా వేయాలి. ఏప్రిల్ 30 లోగా తిప్పి పంపాలి, లేకపోతే వచ్చే ఏడాది కార్డు కొనేటప్పుడు అదనంగా కట్టాలి. నా మొదటి సీజన్ కార్డులో తొమ్మిది వరసలు నిండాయి. తొమ్మిదీ సున్నాలే. ఆ సంగతి అమ్మకు చెబితే, "పోన్లే, సిలిండర్ మాత్రం సరిగ్గా పనిచేసిందిగా" అంది.