పర్మినెంట్ కొలువు పోయిన నగరం: హైదరాబాద్ ఉపాధిలో చీలిక ఎలా వచ్చింది

రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని ఏ టెక్ పార్కు గేటు దగ్గరైనా షిఫ్టు మారే వేళ రెండు రకాల గుర్తింపు కార్డులు కనిపిస్తాయి. ఒకటి లోపలి కంపెనీ తన ఉద్యోగికి ఇచ్చింది. రెండోది సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ కార్మికురాలు, క్యాంటీన్‌లో ప్లేట్లు తీసే కుర్రవాడు వేసుకునే ఏజెన్సీ కార్డు. ఒకే కప్పు కింద పనిచేసే ఈ ఇద్దరి నెల జీతాల మధ్య తేడా పది రెట్లు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. ఐటీ వచ్చింది, చదువుకున్నవారు పైకి వెళ్ళారు, మిగిలినవారు కింద ఉండిపోయారు అనేది దీనికి తరచుగా వినిపించే వివరణ. అందులో నిజం సగమే ఉంది. ఈ రెండు వర్గాలకూ నడుమ ఒకప్పుడు ఈ నగరంలో పెద్ద ఉద్యోగ వర్గమే ఉండేది. హైటెక్ సిటీకి పునాది పడక ముందే ఆ వర్గం కరగడం మొదలైంది.

ఆ మధ్య వర్గాన్ని తయారు చేసింది ప్రభుత్వాలే. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసి స్థానిక పరిశ్రమల్లో వాటాలు తీసుకుంది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ ఆ వాతావరణంలోనే పుట్టాయి. 1960ల నుంచి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు వరుసకట్టాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ పక్కన సోవియట్ సహాయంతో ఔషధాల సంస్థ ఐడీపీఎల్, 1967లో ఈసీఐఎల్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని వచ్చాయి. హెచ్ఎంటీ, హిందుస్థాన్ కేబుల్స్ కూడా ఈ కోవలోవే. పదో తరగతి తరువాత ఐటీఐలో ఫిట్టరో టర్నరో వెల్డరో కోర్సు చేసి, అప్రెంటిస్‌గా చేరి, కొన్నేళ్ళకు పర్మినెంట్ అయితే ఆ కుటుంబానికి క్వార్టర్సు, పీఎఫ్, వైద్య సదుపాయం, బోనసు, పిల్లలకు చదువు, పదవీ విరమణ నాటికి కూకట్‌పల్లిలోనో కుషాయిగూడలోనో సొంత ఇల్లు సమకూరేవి. ఇంజనీరు జీతానికీ, సీనియర్ టెక్నీషియన్ జీతానికీ తేడా ఉన్నా, ఆ తేడా ఇద్దరినీ వేర్వేరు ప్రపంచాల్లోకి నెట్టేంతది కాదు.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవలసిన అవసరం లేదు. ఆ ఉద్యోగాల్లో స్త్రీలు బహు తక్కువ. 1948 తరువాత సంస్థాన ఉద్యోగాలు కోల్పోయిన పాతబస్తీ ముస్లిం కుటుంబాలకు వాటిలో దక్కిన వాటా స్వల్పం. స్థానికులకు కొలువులు రావడం లేదన్న ఆవేదన 1969 తెలంగాణ ఉద్యమానికి ఒక ముఖ్య కారణం. పాలమూరు కూలీలు అప్పుడూ గుంపు మేస్త్రీల కింద మట్టి పనికే వెళ్ళేవారు. అయినా ఒక చేతివృత్తివాని కొడుకు, ఒక సన్నకారు రైతు కొడుకు ఇంజనీరింగ్ డిగ్రీ లేకుండానే మధ్యతరగతిలోకి చేరుకునే దారి ఒకటంటూ ఉండేది.

ఆ దారి ఒక్కరోజులో మూసుకుపోలేదు. 1991 పారిశ్రామిక విధానం దిగుమతులకూ పోటీకీ తలుపులు తెరిచింది. ఖాయిలా పరిశ్రమల చట్టాన్ని ప్రభుత్వ రంగానికీ వర్తింపజేయడంతో అనేక సంస్థలు ఖాయిలా పరిశ్రమల భవితవ్యం తేల్చే బోర్డు బీఐఎఫ్ఆర్ ముందు నిలబడ్డాయి, 1992లో ఐడీపీఎల్ ఖాయిలా పడినట్టు ప్రకటించారు. ఆల్విన్ రిఫ్రిజిరేటర్ల విభాగం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్ళింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, అంటే వీఆర్ఎస్, ఆ దశాబ్దంలో కార్మిక కుటుంబాల నోట నలిగిన మాట. 1998లో రాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ బ్యాంకుతో ఆర్థిక పునర్నిర్మాణ రుణ ఒప్పందం కుదుర్చుకుంది. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థల మూసివేతలు, అమ్మకాలు ఊపందుకున్నాయి. అదే ఏడాది నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, రక్షణ సంస్థలు నిలబడ్డాయి గానీ వాటిలోనూ పర్మినెంట్ ఖాళీలు తగ్గి, అదే షాపు ఫ్లోరు మీద కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది.

కాంట్రాక్టు పద్ధతి ఇంతగా పాతుకుపోవడానికి యంత్రాలు, సాంకేతికత మాత్రమే కారణమనుకుంటే చట్టం పోషించిన పాత్ర మరుగున పడుతుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నిరంతరంగా సాగే పనుల్లో ఈ పద్ధతిని రద్దు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అలా రద్దయిన చోట కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులవుతారని సుప్రీంకోర్టు 1996లో ఎయిరిండియా కేసులో చెప్పింది. 2001లో రాజ్యాంగ ధర్మాసనం సెయిల్ కేసులో ఆ తీర్పును తోసిపుచ్చి, అటువంటి విలీనం దానంతట అది జరగదని తేల్చింది. రెండేళ్ళకు, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చట్టానికి తన సొంత సవరణ చేసింది. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూనే, ఏవి ప్రధాన కార్యకలాపాలు కావో అందులో ఒక జాబితా ఇచ్చింది. పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎక్కించడం దించడం, తోటపని, హౌస్‌కీపింగ్, లాండ్రీ, రవాణా, నిర్మాణ పనులు ఆ జాబితాలో ఉన్నాయి. టెక్ పార్కు గేటు దగ్గర రెండో రకం కార్డు వేసుకునేవారి పనులన్నీ ఇవే కావడం యాదృచ్ఛికం కాదు. ఐడీపీఎల్ రోజుల్లో కంపెనీ క్యాంటీన్ వంటవాడు కూడా కంపెనీ మనిషే కావచ్చు. 2003 తరువాత కట్టిన క్యాంపస్‌లో ఆ అవకాశం దాదాపు లేదు.

పై వర్గం విస్తరించిన వేగానికి లెక్కలున్నాయి. రాష్ట్ర ఐటీ శాఖ గణాంకాల ప్రకారం 2013-14లో సుమారు 3.23 లక్షలున్న ఐటీ ఉద్యోగుల సంఖ్య 2022-23 నాటికి 9.05 లక్షలకు చేరింది. ఎగుమతులు 57 వేల కోట్ల రూపాయల నుంచి 2.41 లక్షల కోట్లకు పెరిగాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకంతో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పెరిగి, పదో తరగతి తరువాత ఐటీఐ వైపు చూడటం చిన్నతనమైపోయింది. డిగ్రీకీ కొలువుకీ మధ్య ఉన్న ఖాళీని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు పూరించాయి. అయితే ఈ వర్గమంతా ఒక్క తీరుగా లేదు. పెద్ద సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్ జీతం దశాబ్దానికి పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతుండగా, ప్రొడక్టు కంపెనీల్లోనూ విదేశీ సంస్థల సొంత కేంద్రాల్లోనూ జీతాలు దానికి ఎన్నో రెట్లున్నాయి. కొండాపూర్ హాస్టల్లో గది పంచుకుంటూ ప్రాజెక్టు దొరక్క ‘బెంచ్’ మీద ఉన్న కుర్రవాడినీ, కోకాపేటలో ఫ్లాటు కొన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టునూ కలిపి ‘సాఫ్ట్‌వేర్ వాళ్ళు’ అనడం వల్ల ఈ తేడా కనిపించదు.

ఔషధ పరిశ్రమ కథ ఇంకో రకం. ఐడీపీఎల్‌లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఐడీపీఎల్‌లోనే పని నేర్చుకున్న మరెందరో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాల్లో బల్క్ డ్రగ్ యూనిట్లు నడిపారు. నైపుణ్యం ప్రభుత్వ రంగం నుంచి ప్రైవేటుకు అందింది గానీ ఉద్యోగ భద్రత దాని వెంట రాలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల్లో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు ఎంతమంది ఉన్నారో రాష్ట్రమంతా చూసింది.

ఈ మార్పు ఒకే వృత్తిలో ఎలా జరిగిందో డ్రైవర్లను చూస్తే తెలుస్తుంది. నిజాం రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో మొదలైన ప్రజా రవాణా తరువాత ఆర్టీసీ అయింది. దాని డ్రైవరుకు నిర్ణీత పనివేళలు, సెలవులు, పీఎఫ్, తార్నాక ఆసుపత్రిలో వైద్యం ఉన్నాయి. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజుల పాటు నలభై ఎనిమిది వేల మంది సిబ్బంది సమ్మెలో నిలబడటానికి, మిగిలిన ఆ కొద్ది భద్రత కూడా చేజారుతుందన్న భయం ప్రధాన కారణం. అదే ఏడాది నగరంలో తిరగడం మొదలుపెట్టిన అద్దె ఎలక్ట్రిక్ బస్సుల్లో డ్రైవరు ప్రైవేటు సంస్థ మనిషి, బస్సు మీద పేరు మాత్రం ఆర్టీసీది. ఇక యాప్ క్యాబ్ నడిపేవారికి బండి ఈఎంఐ, డీజిల్, మరమ్మతు అన్నీ సొంత ఖర్చే. ఇన్సెంటివ్ ఎంతో, కమీషన్ ఎంతో నిర్ణయించేది యాప్. కస్టమర్ ఫిర్యాదు చేస్తే ఐడీ బ్లాక్ అవుతుంది, సంజాయిషీ వినే అధికారి ఎదురుగా ఉండడు. స్టీరింగ్ పట్టే నైపుణ్యంలో ఈ ముగ్గురికీ తేడా ఏమీ లేదు.

1990ల మొదట్లో న్యూయార్క్, లండన్, టోక్యోలను పరిశీలించిన కొందరు సామాజిక శాస్త్రవేత్తలు, పెద్ద నగరాల్లో పై స్థాయి, కింది స్థాయి ఉద్యోగాలు పెరిగి నడిమి ఉద్యోగాలు తగ్గుతాయని వాదించారు. యూరప్ నగరాల్లో అలా జరగలేదని, మొత్తంగా వృత్తి నిపుణుల వర్గమే పెరిగిందని మరికొందరు బదులిచ్చారు. హైదరాబాద్‌కు ఈ రెండూ పూర్తిగా అతకవు. ఇక్కడ మధ్య స్థాయి పనులు పోలేదు. ఏసీ మెకానిక్, ల్యాబ్ టెక్నీషియన్, లైన్‌మన్, నర్సు, ప్లాంట్ ఆపరేటర్ లేకుండా నగరం ఒక్కరోజు నడవదు. పోయింది ఆ పనులకు ఒకప్పుడు ఉన్న జీతం, హోదా, పర్మినెంట్ అనే ముద్ర. నీతి ఆయోగ్ 2022 నివేదిక గిగ్ పనుల్లో, అంటే యాప్ క్యాబ్ లాంటి శాశ్వత కొలువు కాని పనుల్లో, దేశవ్యాప్తంగా మధ్య స్థాయి నైపుణ్యాల వాటా క్రమంగా తగ్గుతూ, కింది స్థాయి, పై స్థాయి వాటాలు పెరుగుతున్నాయని గుర్తించింది. ఈ ధోరణిని కూడా పై నేపథ్యంతో కలిపి చదవాలి.

కింది వర్గానికి కనీస రక్షణ కల్పించే పని నత్తనడకనే సాగింది. కనీస వేతనాలను ఐదేళ్ళకు మించకుండా సమీక్షించాలని 1948 చట్టం చెప్పినా, తెలంగాణలో అనేక రంగాల మూల వేతనాలు రాష్ట్రావతరణకు ముందు ఖరారైనవే ఏళ్ళ తరబడి కొనసాగాయి. 2021లో ఐదు రంగాలకు సవరణ ఉత్తర్వులిచ్చి, వాటిని గెజిట్‌లో ప్రచురించకుండా వదిలేశారు. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికులను తొలిసారి చట్టంలో నిర్వచించి, అగ్రిగేటర్ సంస్థలు, అంటే యాప్ కంపెనీలు, వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి జమ చేయాలని పేర్కొంది. రాజస్థాన్ 2023లో సొంత చట్టం చేయగా, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ఆ ముసాయిదాలో నమోదు, సంక్షేమ నిధి, ఐడీ నిలిపివేతకు ముందు నోటీసు వంటి అంశాలున్నాయి. 2003 సవరణలోని పనుల జాబితా కింద ఏజెన్సీల్లో చేరిన కాపలా, పారిశుద్ధ్య, క్యాంటీన్ కార్మికులు ఆ ముసాయిదా పరిధిలోకి రారు.