ప్లాటు చూడ్డానికి వానాకాలంలో వెళ్లండి

హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మేవాళ్లకు సైట్ విజిట్ అంటే ఎండాకాలమే ఇష్టం. ఆదివారం పొద్దున ఏసీ బస్సు, అక్కడ షామియానా, మధ్యాహ్నం బిర్యానీ. నేల గట్టిగా, పొడిగా, ఎటు చూసినా చదునుగా కనిపిస్తుంది. అదే నేలను ఆగస్టులో ఒక మంచి వాన పడ్డ మర్నాడు చూస్తే వేరే కథ చెబుతుంది, కానీ అప్పుడు మనల్ని ఎవరూ బస్సెక్కించరు.

మేమూ మార్చిలోనే చూసి కొన్నాం, ఫ్లాటు. స్థలం పక్కన చిన్న పల్లం, అందులో వరసగా నాలుగైదు ఈత చెట్లు. ఆ పల్లమేంటని అడిగితే "అది పూడ్చేస్తాం సార్, పార్కింగ్ వస్తది" అన్నాడు బిల్డర్ మనిషి. పూడ్చారు, పార్కింగ్ వచ్చింది. గృహప్రవేశం చేసిన ఏడాదే సెప్టెంబర్‌లో ఒక్క రాత్రి వానకు సెల్లార్‌లో నడుంలోతు నీళ్లు, నా స్కూటర్‌తో సహా బండ్లన్నీ మునిగాయి, మోటార్లు పెట్టి రెండు రోజులు తోడాం. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి అదే సెల్లార్ పక్కనున్న బోరు గాలి కక్కడం, ట్యాంకర్ ఎవరి వంతు అని వాట్సాప్ గ్రూపులో కొట్లాటలు. ఆర్నెల్ల కింద నీళ్లు ఎక్కువై ఏడ్చాం, ఇప్పుడు లేక ఏడుస్తున్నాం, అదీ ఒకే చోట. ఈ రెండూ ఒక తప్పుకు పుట్టిన కవలలని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు మన కాళ్ల కింద ఏముందో చూడాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నది గ్రానైట్, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి బండ. గోదావరి డెల్టాలో తవ్వినట్టు తవ్వితే నీళ్లు పడే నేల కాదిది. ఈ బండ పైభాగం మాత్రం ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని, చివికి మొరంగా మారింది. నగరానికి దక్షిణంగా మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, పైన పది నుంచి ఇరవై మీటర్ల దాకా మొరం, దాని కింద కొంత మందాన చీలికలున్న బండ, ఆ కింద దాదాపు ఏకశిల. నీళ్లు దాచుకునేది పై రెండు పొరలే. వెయ్యి అడుగుల బోరు వేయించానని గొప్పగా చెప్పేవాళ్లను చూస్తే నాకు లాటరీ టికెట్ కొన్నవాళ్లే గుర్తొస్తారు, ఎందుకంటే అంత లోతులో నీళ్లున్న చీలిక తగలడం చాలావరకు అదృష్టం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం, నాకు మతిపోయిన లెక్క ఇది. ఇక్కడ ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన. ఎకరం మీద ఒక సెంటీమీటర్ వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు, అంటే ఏడాదికి 32 లక్షల లీటర్లు. ఇలాంటి బండ నేలల్లో అందులో ఇంకేది సుమారు పదో వంతు, అంటే 3.2 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రభుత్వ కొలత ప్రకారం నలుగురున్న ఇంటికి ఏడాదికి దాదాపు 2 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక ఎకరం నేల తన కడుపులో దాచుకునే నీళ్లు ఒకటిన్నర కుటుంబానికి సరిపోతాయి. మనం అదే ఎకరంలో వంద ఫ్లాట్లు కడుతున్నాం! వంద ఫ్లాట్లకు అరవై ఎకరాల నేల కావాలి, అది కూడా సిమెంటు పోయని నేల. మన ట్యాంకర్ తెచ్చేది ఇంకెవరి ఎకరాల నీళ్లో అన్నమాట. ఇంకుడు గుంత తవ్వితే కొంత మేలే, తవ్వాలి కూడా, కానీ రెండు గుంతలు తవ్వించి ఫొటో దిగితే తీరే లెక్క కాదిది.

లెక్కకు రెండో వైపు వరద. పది సెంటీమీటర్ల వాన ఒకే రాత్రి పడితే ఎకరానికి 4 లక్షల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఎనభై. మొరం నేల, పొదలు, గడ్డి ఉన్నప్పుడు కొంత ఇంకి, కొంత ఆగి, మిగిలింది మెల్లగా వాగులోకి జారేది. స్లాబు, సీసీ రోడ్డు, టైల్స్ వేసిన ఎకరం మీద ఎనభై ట్యాంకర్లూ దాదాపు ఒక్కసారే బయల్దేరతాయి. ఎక్కడికి? పల్లానికి. పల్లంలో ఏముంది? మా సెల్లార్.

ఈ బండ నేల సంగతి మన పూర్వీకులకు బాగా తెలుసు, అందుకే భూమి లోపల కాకుండా భూమి మీద నీళ్లు దాచారు. ఎగువ చెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దూకి వాగు గుండా కింది చెరువుకు, అది నిండితే ఇంకో కిందికి, చివరకు మూసీకి. గొలుసుకట్టు అంటే ఇదే. ప్రతి చెరువుకూ కట్ట, తూము, మత్తడి, నీళ్లు నిలిచే శిఖం, కింద ఆయకట్టు. ఇందులో అందరి కళ్లూ చెరువు మీదే ఉంటాయి. నా దృష్టిలో అసలు ఆస్తి చెరువు కాదు, రెండు చెరువుల మధ్య వాగు. చెరువు చుట్టూ కంచె వేసి, నడకదారి వేసి, రంగుల లైట్లు పెట్టి, పైనుంచి వచ్చే వాగును ప్లాట్లు చేస్తే ఆ చెరువులోకి మిగిలేది మురుగునీరే.

గొలుసులో ఒక లంకె బలహీనపడితే ఏమవుతుందో 2020 అక్టోబర్ 13 రాత్రి చూశాం. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. పల్లె చెరువు తెగింది, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవేనే కోసుకుపోయింది, మనుషులు కొట్టుకుపోయారు. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కూడా తెగింది. అంత వానకు ఏ ఊరైనా మునుగుతుంది నిజమే. కానీ శిఖం కుంచించుకుపోయి, మత్తడి దారి మూసుకుపోయిన చెరువుకు నీళ్లు వదలడానికి మిగిలే మార్గం కట్ట మీదుగా పోవడమే, మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఇక అది నిలవదు.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకూ నాలాకూ 9 మీటర్లు, అంతకన్నా సన్నటి నాలాకు 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి మత్తడి దూకే సమయానికి నీళ్లు ఎందాకా పాకుతాయో ఆ గీత. వినడానికి తేలికే. అయితే మన చెరువులు బావుల్లా నిటారుగా ఉండవు, పళ్లేల్లా ఉంటాయి. రెండు వందల అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న చోట నీటిమట్టం లెక్కలో ఒక్క అడుగు తేడా వస్తే ఒడ్డు రెండు వందల అడుగులు జరుగుతుంది. బఫర్, అంటే గీత బయట వదలాల్సిన చోటు, ఎంత? పెద్ద చెరువుకైనా 30 మీటర్లు, అంటే వంద అడుగులు. మత్తడిని ఒక అడుగు కొట్టేసినా, తూము మూయకుండా వదిలేసినా, కాగితం మీద గీత కదలకుండానే గీత లోపల రెండు వందల అడుగులు, అంటే బఫర్‌కు రెట్టింపు, పొడినేల అయిపోతుంది. పొడినేల కనిపిస్తే చాలు, తర్వాత జరిగేది మీకు తెలుసు.

దీనికి తోడు శిఖం పట్టాలు. నీళ్లు తగ్గాక శిఖంలో పంట వేసుకునే రైతులకు చాలా చోట్ల పట్టా హక్కులే ఉన్నాయి. వాళ్లు ఆక్రమణదారులు కాదు. అమ్ముకోవడం కూడా వాళ్ల కోణంలో తప్పనిపించదు. ఇదే నేల మీద ఒక ఆఫీసు ఇది చెరువు అంటుంది, ఇంకో ఆఫీసు రిజిస్ట్రేషన్ చేస్తుంది, వేరొకటి కరెంటు మీటరు ఇస్తుంది. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూల్చివేతలు టీవీలో లైవ్ చూశాం. కొన్ని తప్పక కూల్చాల్సినవే. కానీ కట్టాక కూల్చడం అనేది ప్లానింగ్‌లో అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి, ఆ ఖరీదు ఎక్కువగా పడేది ఈఎంఐ కట్టేవాడి మీద.

ముందే ఆపిన ప్రయత్నం కూడా ఒకటుంది, జీవో 111 అనే ప్రభుత్వ ఉత్తర్వు. అది ఎందుకు పుట్టిందో, ఎందుకు నిలవలేదో రెండూ తెలుసుకోవాల్సిందే. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేలమంది చనిపోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో, మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం, రెండు పనులూ వాటివే. పంపులతో పనిలేకుండా వాలు మీద నగరానికి నీళ్లొచ్చేవి. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. ఆ పరిధిలో ఒక ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీకి ప్రభుత్వమే మినహాయింపు ఇవ్వబోతే సుప్రీంకోర్టు 2000 డిసెంబర్‌లో కుదరదని చెప్పింది. ప్రమాదం రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్న సూత్రానికి మన దేశంలో తరచూ చెప్పుకునే కేసుల్లో ఇదొకటి.

ఇంత గట్టి జీవోలోనూ ఒక బొక్క ఉంది. 84 గ్రామాల విస్తీర్ణం 1,32,600 ఎకరాలు, అంటే దాదాపు 537 చదరపు కిలోమీటర్లు. రెండు జలాశయాలకు నీళ్లు వచ్చే పరీవాహక ప్రాంతం కలిపితే దాదాపు రెండు వేల చదరపు కిలోమీటర్లు. అంటే గీత గీసింది నాలుగో వంతుకే, అది కూడా వాగుల వెంట కాదు, ఊళ్ల సరిహద్దుల వెంట. వానకు ఊరి పొలిమేర తెలియదు కదా.

కొన్నేళ్ల కింద మొయినాబాద్ వైపు ఒక పెద్దాయనతో మాటల్లో పడ్డాను. చెరువుల్ని కాపాడాలి కదా అని నేను నీతులు మొదలుపెట్టగానే ఆయన "మీరిప్పుడు తాగే నీళ్లు యాడికెల్లి వస్తున్నయ్ సార్?" అన్నాడు. కృష్ణా నుంచి అన్నాను. "మరి మా భూమికి తాళమెందుకు ఏసిన్రు? ఆడ రోడ్డు అవుతల ఎకరం కోట్లు పలుకుతుంటే మాకు బిడ్డ పెండ్లికి అమ్ముదామంటే కొనేటోడు లేడు." నా దగ్గర జవాబు లేదు. వరద అడ్డుకట్ట, భూగర్భజలం అని ఏదో చెప్పాను గానీ, ఆ మేలు జరిగేది కింద ఉన్న నగరానికి, బరువు మోసేది ఆయన. నగరం తాగునీటికి ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదన్న వాదనతోనే 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆంక్షలు సడలించారు, 2023 మేలో జీవో 111నే రద్దు చేస్తామని కేబినెట్ తీర్మానించింది. సంబరాలూ జరిగాయి, పర్యావరణవేత్తల నిరసనలూ జరిగాయి.

ఇదే చిక్కు న్యూయార్క్‌కు వచ్చింది. దాదాపు రెండు వందల కిలోమీటర్ల అవతలి క్యాట్‌స్కిల్ కొండల నుంచి ఆ నగరానికి నీళ్లొస్తాయి, అక్కడి రైతులూ చిన్న ఊళ్లవాళ్లూ నగరం పెట్టే ఆంక్షల మీద తిరగబడ్డారు. చివరకు 1997లో ఒప్పందం. అమ్మడానికి ఇష్టపడ్డవాళ్ల దగ్గరే నగరం భూమి కొనాలి, పశువుల పేడ వాగులో కలవకుండా రైతు చేసే ఏర్పాట్లకు, ఊళ్ల మురుగు శుద్ధికి డబ్బు నగరమే పెట్టాలి. వందల కోట్ల డాలర్ల ఫిల్టర్ ప్లాంటు కట్టడం కన్నా ఇదే చవకని వాళ్లు తేల్చుకున్నారు. మొయినాబాద్ పెద్దాయనకు నగరం నీటి బిల్లులోంచి ఏటా ఎకరానికి ఇంత అని ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ తాళం ఆయనే కాపలా కాసేవాడని నా నమ్మకం. ఇక్కడ కూడా టీడీఆర్ అని ఒకటుంది, భూమి వదులుకున్నవాడికి ఇంకోచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోవచ్చు కూడా. అది ఎగువ వాగుల దాకా వెళ్లాలి.

శివారు మున్సిపాలిటీకి ప్లాన్ వేయమంటే ఇప్పుడు ముందు రోడ్డు గీస్తారు, రోడ్డుకు అటూ ఇటూ జోన్లు, చివర్న మిగిలిన చోట పచ్చరంగు. నన్నడిగితే వరస తిప్పాలి. ముందు కాంటూర్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే గీతలు, పెట్టుకుని నీళ్ల దారులు గీయాలి, తొమ్మిది నెలలు ఎండి ఉండే సన్న వాగుతో సహా. తర్వాత నీళ్లు ఎక్కువ ఇంకే మొరం నేలలు, బండల గుట్టలు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల లాంటివి ఉంటే అవి. మిగిలిన నేల మీద రోడ్డు, ప్లాటు. ఇదంతా ఒక్క మున్సిపాలిటీ వల్ల కాదు, ఎందుకంటే ఒకే గొలుసులో చెరువులు మూడు నాలుగు మున్సిపాలిటీల్లో ఉంటాయి, పైవాడు నాలా వెడల్పు చేసి చేతులు దులుపుకుంటే కిందివాడు మునుగుతాడు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ ఈ పని చేయాలి, కానీ ప్లాన్ వచ్చాక కూడా ఒక్కో సర్వే నంబరుకు విడిగా భూవినియోగం మార్చుకునే వీలున్నంత కాలం ఆ రంగులకు విలువెంత?

ఈ లోపల మీరు ప్లాటు కొనక మానరు, నేనూ మొన్న మా తమ్ముడి కోసం ఒకటి చూడ్డానికి వెళ్లాను, ఈసారి కావాలనే ఆగస్టులో, వాన వెలిసిన మర్నాడు, మా సొంత బండి మీద. తుంగ ఉన్న చోట నేల తడి ఎక్కువ కాలం ఉంటుంది, ఈత చెట్లు వరసగా ఉంటే దాదాపు అది వాగు దారే, ఇవి తెలియడానికి హైడ్రాలజీ చదవక్కర్లేదు. బ్రోచర్‌లో ముప్పై అడుగుల రోడ్డు, దాని పక్కన గ్రీనరీ అని ఆకుపచ్చ పట్టీ. అక్కడికి పోయి చూస్తే ఆ పట్టీ ఈత చెట్ల వరస, ఆ ముప్పై అడుగుల రోడ్డు మోకాళ్లలోతు నీళ్లతో తీరిగ్గా కింది చెరువు వైపు పారుతోంది. సేల్స్ కుర్రాడు గొడుగు పట్టుకుని "ఈ ఒక్కసారే సార్, ఎప్పుడూ ఇట్ల ఉండదు" అన్నాడు.